కోరలున్న సభ ఏం సాధించింది?

ఎక్కడ యుద్ధం మొదలైనా మన సంపాదకీయాల్లో, టీవీ చర్చల్లో, టీ కొట్ల దగ్గర ఒకే మాట తిరుగుతుంది: ఐక్యరాజ్య సమితి కోరలు లేని పాము. జబ్బు పేరు చెప్పిన నోటితోనే మందు కూడా చెప్పేస్తారు. ఐదు దేశాల వీటో తీసెయ్యాలి. మెజారిటీ ఓటే చెల్లాలి. తీర్మానం అయ్యాక ఎంతటి దేశమైనా దానికి కట్టుబడి తీరాలి. ఈ మూడూ జరిగితే ప్రపంచం దారికొస్తుందని మనవాళ్ల నమ్మకం. అది ఎంతగా పాతుకుపోయిందంటే, దాన్ని వాదించి నిరూపించాలని కూడా ఎవరికీ తోచదు.

ఆ నమ్మకం తప్పని నేనంటాను. సమితిని వెనకేసుకొచ్చే ఉద్దేశం నాకు లేదు. ఈ మూడు కోరికలూ అక్షరాలా తీరిన సభ ఒకటుంది, ఇరవయ్యేళ్లకు పైగా నడుస్తోంది. అది ఊహాలోకపు సభ కాబట్టి మన వ్యాఖ్యాతల చూపు అటు పోలేదు. పోయి ఉంటే ఆ మందు ఇంత ధీమాగా రాసిచ్చేవారు కాదు.

ఆస్ట్రేలియా రచయిత మ్యాక్స్ బ్యారీ తన నవల ‘జెన్నిఫర్ గవర్న్‌మెంట్’ ప్రచారం కోసం 2002 నవంబరులో నేషన్‌స్టేట్స్ అనే ఉచిత ఆన్‌లైన్ ఆట మొదలుపెట్టాడు. ఇందులో ఎవరికి వారు ఒక దేశాన్ని సృష్టించుకుంటారు. పన్నుల మీద, పత్రికల మీద, పోలీసుల మీద వచ్చిపడే సమస్యలకు నిర్ణయాలు తీసుకుంటూ ఉంటే ఆ దేశపు పౌరహక్కులు, ఆర్థిక స్థితి, రాజకీయ స్వేచ్ఛ మారుతూ పోతాయి. ఈ దేశాలన్నిటికీ కలిపి ఒక ప్రపంచ సంస్థ ఉంది. మొదట్లో దాని పేరు కూడా ఐక్యరాజ్య సమితే. తన పేరునూ చిహ్నాన్నీ అనుమతి లేకుండా వాడుతున్నారని అసలు సమితి 2008లో అభ్యంతరం తెలిపింది. అప్పుడది వరల్డ్ అసెంబ్లీగా మారింది. సమితి మాట ఇంత త్వరగా చెల్లిన సందర్భాలు అరుదే!

ఆ సభ పద్ధతులు చూడండి. వీటో ఎవరికీ లేదు. తీర్మానం ఓటింగుకు వస్తే దాదాపు నాలుగు రోజులు గడువిస్తారు, ఎక్కువ ఓట్లు పడితే గెలిచినట్టే. గెలిచిన తీర్మానం ఆ క్షణం నుంచే ప్రతి సభ్యదేశానికీ వర్తిస్తుంది. ఎదురు ఓటేసిన దేశపు లెక్కలు కూడా వాటంతటవే మారిపోతాయి. ఆ దేశపు పార్లమెంటు ఒప్పుకోనక్కర్లేదు, నిధులు కేటాయించనక్కర్లేదు, గెజిట్‌లో అచ్చవనక్కర్లేదు. బానిసత్వ నిషేధం, బాలకార్మికులపై ఆంక్షలు, నేర విచారణల్లో న్యాయం, పౌరహక్కులు, ఇలా వందల తీర్మానాలు ఆ సభ పుస్తకంలోకెక్కాయి. మన సమితి సర్వప్రతినిధి సభ చేసేవి చాలావరకు సిఫారసులే. అక్కడ చేసేవన్నీ శాసనాలే. కోరలంటే ఇవే కదా. మరి ఆ లోకం బాగుపడిందా?

అణ్వాయుధాల సంగతే తీసుకుందాం. కట్టుబాటు ఉన్న సభ ముందుగా వాటినే నిషేధిస్తుందని ఎవరైనా అనుకుంటారు. ఆ సభ తొలినాళ్లలో చేసిన పదో తీర్మానం దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆత్మరక్షణ కోసం సభ్యదేశాలు అణ్వాయుధాలు ఉంచుకోవచ్చని అది చట్టంగా చెప్పింది. దాని తర్కంలో తప్పు పట్టలేం. సభలో చేరని దేశాలు చేరినవాటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. సభ ఆజ్ఞ వాటిమీద చెల్లదు. మాట వినేవాళ్ల చేతుల్లో ఆయుధం లాగేసుకుంటే వినని వాళ్ల చేతుల్లో అది మిగిలిపోతుంది. పైగా సభ్యత్వం వదులుకోవడానికి ఒక్క బటన్ నొక్కితే చాలు. కట్టుబాటు ఎంత గట్టిగా బిగిస్తే గుమ్మం బయట నిలబడటం అంత లాభసాటి అవుతుంది. ఈ చిక్కు ఓటుతో విడిపోదు.

వీటో లేకపోవడం వల్ల బలాలు సమానమయ్యాయా అంటే అదీ లేదు. ఆటలోని దేశాలు ప్రాంతాలుగా ఏర్పడతాయి. ప్రాంతంలోని సభ్యదేశాలు ఎవరికి ఎక్కువ ఎండార్స్‌మెంట్లు ఇస్తాయో ఆ దేశమే డెలిగేట్. ఒక్కో ఎండార్స్‌మెంటుకు ఒక్కో అదనపు ఓటు ఆ డెలిగేట్ చేతికొస్తుంది. కొత్త దేశాలు పుట్టే పెద్ద ప్రాంతాల డెలిగేట్లకు ఇలా వందల ఓట్ల బలం ఉంటుంది. వాళ్లు మొదటిరోజే ఒక వైపు ఓటేస్తే అంకెలు అటు మొగ్గుతాయి. తీర్మానం చదవని సామాన్య సభ్యులు ఆ అంకెలు చూసి అటే నడుస్తారు. ఆడేవాళ్లే దీన్ని లెమ్మింగ్ ధోరణి, అంటే మంద వెంట పోవడం, అని వెక్కిరిస్తుంటారు. రాతపూర్వకమైన వీటోను తీసేసిన చోట రాయని వీటో పుట్టుకొచ్చింది. రాసిన వీటోకు కనీసం బాధ్యుడెవరో తెలుస్తుంది. చెయ్యెత్తిన దేశం పేరు మర్నాడు పత్రికల్లో ఉంటుంది. రాయని వీటోకు ఆ పాటి జవాబుదారీ కూడా లేదు.

ఇక మూడోది, నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది. రాసిందే శాసనమయ్యేసరికి అందరి తెలివీ రాతమీదే కేంద్రీకృతమైంది. అక్కడ తీర్మానాన్ని సవరించడానికి వీల్లేదు. రద్దు చేసి మళ్లీ కొత్తది చెయ్యాల్సిందే. ఉన్న తీర్మానానికి విరుద్ధంగా కొత్తది తీసుకురాకూడదు. ఈ నియమాన్ని ఆసరా చేసుకుని ఒక ఎత్తుగడ పుట్టింది. దానికి బ్లాకర్ అని పేరు. మీకు నచ్చని కఠినమైన చట్టం రేపు రాబోతోందనుకోండి. ఇవాళే అదే విషయం మీద మెత్తటి చట్టం ఒకటి గెలిపించుకుంటారు. పైకి అది సంస్కరణలా కనిపిస్తుంది, అసలు పని మాత్రం దారి మూసేయడమే. గర్భస్రావం లాంటి వివాదాస్పద విషయాల మీద తీర్మానం, రద్దు, మళ్లీ తీర్మానం ఏళ్ల తరబడి నడిచాయి. ఓడినవాళ్లు ఒప్పుకోలేదు, రద్దుకు ఓట్లు కూడగట్టుకోవడంలో పడ్డారు. ఆజ్ఞ ఉన్నచోట నచ్చజెప్పాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు.

‘అది ఆట, దాంతో ఏం రుజువవుతుంది?’ అని అడగొచ్చు. రుజువు సంగతి అటుంచండి. అది మన కోరికకు అత్యంత అనుకూలంగా కట్టిన లోకం. అక్కడ ఆకలి చావు లేదు, శవం లేదు, చమురు ధర లేదు, ఎన్నికల భయం లేదు. ఆజ్ఞాపాలన కంప్యూటరు చేసిపెడుతుంది. దేశాలు ఊహాజనితమే కానీ పొత్తులు, పంతాలు, పదవీకాంక్ష మాత్రం నిజమైన మనుషులవి. ఇంత సానుకూలమైన చోటే ఆ మందు పారకపోతే, ఉక్రెయిన్‌లో, కొరియాలో పారుతుందని ఏ ధైర్యంతో చెబుతాం?

నిజ ప్రపంచంలో కట్టుబాటు ఉన్న తీర్మానాలు లేవా? ఉన్నాయి. చార్టర్ 25వ అధికరణం ప్రకారం భద్రతా మండలి నిర్ణయాలకు సభ్యదేశాలు కట్టుబడాలి. ఉత్తర కొరియా 2003లో అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం నుంచి తప్పుకున్నానంది. 2006లో అణుపరీక్ష చేసింది. మండలి వెంటనే 1718వ తీర్మానంతో ఆంక్షలు విధించింది. వీటో పడలేదు, ఏకగ్రీవం. ఆ తర్వాత 2009లో, 2013లో, 2016లో రెండుసార్లు, 2017లో మళ్లీ పరీక్షలు జరిగాయి. కోరలు నిజంగా దిగిన సందర్భం కావాలంటే 1990 నాటి 678వ తీర్మానం ఉంది. కువైట్ నుంచి ఇరాక్‌ను వెళ్లగొట్టడానికి బలప్రయోగాన్ని అది అనుమతించింది. ఆ బలం ఎవరిది? అమెరికా నాయకత్వంలోని సేనలది. సమితికి సొంత సైన్యం లేదు. కోరలు ఎప్పుడూ సైన్యాలున్న దేశాలవే. వాటిని సమితి నోట్లో పెట్టమని అడగడమంటే, ఏ దేశాల పెత్తనం మీద మనకు కోపమో ఆ దేశాలనే మరింత కరవమని అడగడం.

అయితే ఆట లోకంలో లేనిది, మన లోకంలో ఉన్నది ఏమిటి? జవాబు ఆ సభ నియమావళిలోనే ఉంది. తీర్మానం ద్వారా కమిటీలు ఏర్పాటు చేయొచ్చు. కానీ వాటిలో ఆటగాళ్లెవరూ కూర్చోరు. ఆ పని కోసమే పుట్టుకొచ్చిన మాయా జీవులు కమిటీని నడిపేస్తాయన్నది ఒప్పందం. జీతం లేదు, సెలవు లేదు, బెదిరింపు లేదు. ఓటుకూ ఫలితానికీ మధ్య మనిషి అక్కర్లేదు.

దీని పక్కన 1962 నవంబరులో సర్వప్రతినిధి సభ చేసిన 1761వ తీర్మానాన్ని పెట్టి చూడండి. వర్ణవివక్ష పాటిస్తున్న దక్షిణాఫ్రికాతో సంబంధాలు తెంచుకోవాలని అది దేశాలను కోరింది. కోరిందంతే, కట్టుబాటు లేదు. ఒక ప్రత్యేక కమిటీని కూడా వేసింది. పాశ్చాత్య దేశాలేవీ అందులో చేరలేదు. మన భాషలో చెప్పాలంటే కోరలు లేని తీర్మానానికి పుట్టిన పళ్లు రాని కమిటీ. దానికి 1963లో కార్యదర్శిగా వచ్చినవారు నెల్లూరు ప్రాంతంలో పుట్టిన తెలుగువాడు ఏనుగ శ్రీనివాసులు రెడ్డి. పాశ్చాత్య దేశాలు దూరంగా ఉంటే ఉండనీ అని, ఆ దేశాల ప్రజల దగ్గరికి నడిచారాయన. ఉద్యమ సంఘాలతో సంబంధాలు పెంచారు. వివక్ష వాస్తవాలను పత్రాలుగా అచ్చువేయించి దేశదేశాలకు చేర్చారు. రాజకీయ ఖైదీలను విడిచిపెట్టాలని 1963 అక్టోబరులో సభ చేసిన తీర్మానానికి 106 ఓట్లు పడ్డాయి. వ్యతిరేకించిన ఓటు ఒక్క దక్షిణాఫ్రికాదే. ఖైదీల న్యాయసహాయం కోసం 1965లో సమితి నిధి ఏర్పడింది. ఆయుధాల అమ్మకాలపై తప్పనిసరి నిషేధం 1977లో గానీ రాలేదు. అప్పటికి పదిహేనేళ్లుగా ఆ తప్పనిసరికి నేల దున్నింది సిఫారసులే. 1994లో అక్కడ అందరికీ ఓటు వచ్చింది. దాన్ని సాధించినవారు దక్షిణాఫ్రికా ప్రజలు. వాళ్లకు బయటి నుంచి అందిన బలంలో ఈ కమిటీ పాలు చిన్నదేమీ కాదు. ఆ దేశం 2013లో రెడ్డి గారికి ఆలివర్ టాంబో పేరిట ఉన్న జాతీయ పురస్కారం ఇచ్చింది.

ఇలాంటిదే మరొకటి, ఈసారి మన గడ్డమీద. మహిళలపై వివక్ష నిర్మూలన ఒప్పందాన్ని సర్వప్రతినిధి సభ 1979లో ఆమోదించింది. భారతదేశం 1993లో ధ్రువీకరించింది. దానికి తగ్గ చట్టం మాత్రం చేయలేదు. రాజస్థాన్‌లో బాల్యవివాహాన్ని అడ్డుకున్న ఒక కార్యకర్తపై జరిగిన అత్యాచారం తర్వాత మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. 1997 నాటి విశాఖ తీర్పులో కోర్టు ఆ ఒప్పందాన్నే ఆధారం చేసుకుని పనిచేసే చోట లైంగిక వేధింపులపై మార్గదర్శకాలిచ్చింది. పార్లమెంటు చట్టం 2013లో వచ్చింది. ఒప్పందం నుంచి చట్టం దాకా 34 ఏళ్లు. ఈ ఆలస్యం సిగ్గుచేటే. కానీ ఆ సిగ్గు న్యూయార్క్‌ది కాదు.

వీటో న్యాయమైనదని నేననడం లేదు. 1945 నాటి విజేతల హోదా ఇంకా కొనసాగడం అన్యాయమే, మండలి విస్తరించాలన్న డిమాండూ సరైనదే. 2022 మార్చిలో ఉక్రెయిన్ నుంచి రష్యా తప్పుకోవాలన్న తీర్మానానికి సర్వప్రతినిధి సభలో 141 దేశాలు ఓటేశాయి, ఐదు వ్యతిరేకించాయి, భారత్‌తో సహా 35 దూరంగా ఉన్నాయి. యుద్ధం ఆగలేదు. ఆ తీర్మానం కట్టుబాటు ఉన్నదే అయితే ఆగేదా? ఆపడానికి ఎవరి సైన్యం వెళ్లేది? మన సైన్యం వెళ్లాలంటే మనం ఒప్పుకునేవాళ్లమా? కోరలు కోరేవాళ్లు ఈ ప్రశ్నకు జవాబు చెప్పి తర్వాత మాట్లాడాలి. మనం ఓటు కూడా వెయ్యని తీర్మానాన్ని లోకమంతా శిరసావహించలేదని విచారించడం మరీ విడ్డూరం.

కోరల్లేవన్న ఫిర్యాదు మనకు ఎందుకంత ప్రియమో ఇక్కడే తెలుస్తుంది. అది పనిని మన ఊరి నుంచి తీసేసి న్యూయార్క్‌లో పెడుతుంది. చిత్రహింసల నిషేధ ఒప్పందాన్ని సర్వప్రతినిధి సభ 1984లో ఆమోదించింది. భారతదేశం 1997లో సంతకం చేసింది, ధ్రువీకరించడం మాత్రం మానేసింది. 2010లో లోక్‌సభ ఆమోదించిన చిత్రహింసల నిరోధక బిల్లు రాజ్యసభ సెలెక్ట్ కమిటీకి వెళ్లి, చివరికి చట్టం కాకుండానే మురిగిపోయింది. మన స్టేషన్లలో, మన లాకప్పుల్లో చచ్చిపోయేవాళ్లను కాపాడటానికి భద్రతా మండలి ఓటు అక్కర్లేదు. ఐదు దేశాల్లో ఏదీ దీనికి వీటో వెయ్యలేదు. కోరల గురించి ఈసారి సంపాదకీయం రాయాలనిపించిన వారు ఆ బిల్లు ఏమైందని మన ఎంపీలను అడుగుతూ రాస్తే మేలు.