కోఠీ కూడలి కథ యెవరిది?

పుస్తకములకొఱకో చదువులకొఱకో జైపూరు, గోదావరిఖనులనుండి హైదరాబాదు చేరు మన యువకులనేకులు కోఠీ కూడలిలో దిగుచుందురు. బస్సుల రొద, పాతపుస్తకముల రాసులు, బట్టల బేరములు, వీని చెంతనే ఎత్తయిన స్తంభములతో నొక మహాసౌధము గోచరించును. కోఠీ యనగా సౌధమే. కూడలికి పేరిచ్చినది అదియే. "ఇది యెవరిది?" యని యడిగినవానికి నగరవాసులు చెప్పునది యొక్కటే: కిర్క్‌పాట్రిక్ దొర, ఖైరున్నీసా బేగముల ప్రణయగాథ. ఈ యరకొర చరిత్రను మేమంగీకరింపజాలము.

1798 సంధిచే నిజాము తన రాజ్యరక్షణమును కుంపిణీ సైన్యమున కప్పగించెను. పిమ్మట కొలదియేండ్లకే మూసీ యుత్తరపుటొడ్డున రెసిడెన్సీ లేచెను. కట్టించినవాడు కుంపిణీ ప్రతినిధి; సొమ్ము నిజాముది, అనగా ప్రజలది. మెట్ల కిరువైపుల నిలిపిన సింహము లెవరి యధికారమును చాటుచుండెనో వేరుగ చెప్పనేల?

1857 జూలై 17న ఆ సింహములను ధిక్కరించినవారు తుర్రేబాజ్‌ఖాను, మౌల్వీ అల్లావుద్దీను. చెఱబడిన జమాదారు చీదాఖానును విడిపింపవచ్చిన రోహిలాలకును పౌరులకును ఫిరంగులు ప్రత్యుత్తరమిచ్చెను. తుర్రేబాజ్‌ఖాను పట్టువడి, చెఱ తప్పించుకొని, 1859 జనవరిలో తూప్రాను చెంత హతుడయ్యెను. చంపియు తనివి తీరని ప్రభుత్వము ఆయన కళేబరమును నగరమున బహిరంగముగా వ్రేలాడదీయించెను. మౌల్వీని అండమానులకు పంపిరి. ఇది ప్రణయగాథయా?

"రెసిడెన్సీ నీడ మనకు మేలు చేయలేదా? 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము ఆ బజారులలోనే గదా వెలసినది?" అని కొందఱందురు. వెలసినమాట నిజము. నిజాము ఆంక్షలు అచ్చట అంతగా చెల్లకుండుటయు నిజమే. కాని నిలయమును నిలిపినవారు కొమఱ్ఱాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు ప్రభృతులు, దొరలు కారు. ఒక నిరంకుశుని కన్ను పడనిచోట దీపము వెలిగించుకొన్నవాని నేర్పు, వేఱొక నిరంకుశుని దయ యగునా?

1933లో రెసిడెన్సీ బజారులు నిజామునకు మరలినవి. 1949లో ఆ సౌధము స్త్రీల కళాశాల యయ్యెను. నేడు మహిళా విశ్వవిద్యాలయము. రెసిడెంటు కొలువుదీరిన యింట మన ఆడుబిడ్డలు చదువుకొనుటకంటె తగిన ప్రతీకారమేమున్నది? సౌధమును కాపాడుడు, మేమడ్డుపడము. కాని బస్సులచెంత నున్న తుర్రేబాజ్‌ఖాను స్మారకస్తూపముకడ నిలిచి తలవంచువా రెందఱు?

మా కోరిక స్వల్పము. సౌధమును చూపువారు స్తూపమునుగూడ చూపవలెను. దొర పెండ్లి చెప్పు నోటితోనే విప్లవకారుని చావునుగూడ చెప్పవలెను. ప్రతి పఠనాలయమునను జూలై 17న ఆ కథ వినిపింపవలెను. పాతాళమునుండి బొగ్గు వెలికి దీయు సీమవారమగు మనకు, నడివీధిలో నున్న చరిత్రను వెలికి దీయుట భారమా?