బలదియా నక్షా, బతాకా చిరునామా కలవాలి

2024 జూన్ 12 తెల్లవారుజామున కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులుండే భవనం అంటుకుంది. దాదాపు 50 మంది చనిపోయారు. వారిలో కనీసం 45 మంది భారతీయులు, వాళ్లలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్లు. కరెంటు షార్ట్ సర్క్యూట్‌తో నిప్పు పుట్టిందని అగ్నిమాపక దళం తేల్చింది. ఆ ఒక్క భవనంలో దాదాపు 200 మంది ఉంటున్నారన్న సంగతి చాలామందికి మంటలు లేచాకే తెలిసింది.

కువైట్‌లో ఏ భవనమైనా ప్రభుత్వం దగ్గర ఒక్కచోటే నమోదై ఉండదు. నక్షాకు అనుమతి ఇచ్చేది బలదియా, అంటే మునిసిపాలిటీ. కరెంటు కనెక్షన్ విద్యుత్, నీటి మంత్రిత్వ శాఖది. అగ్ని భద్రత చూసేది అగ్నిమాపక దళం. అక్కడ ఎవరుంటున్నారో రాసుకునేది మనవాళ్లు పాసి అని పిలిచే పౌర సమాచార సంస్థ. 1982 నాటి 32వ నంబరు చట్టం కింద నడుస్తున్న పాసి ప్రతి భవనానికీ ఒక నంబరు ఇచ్చింది, దాన్ని గుమ్మం దగ్గర పలక మీద రాయించింది, కువైట్ ఫైండర్ అనే యాప్‌లో పటమంతా పెట్టింది. ఖైతాన్‌లోనో, మహబూలాలోనో గది వెతుక్కునే కడప కుర్రాడికి ఆ నంబరే దారి చూపుతుంది. ఇంత మంచి పునాది గల్ఫ్‌కు గర్వకారణమే. పునాది మీద లేవాల్సిన గోడ, అంటే శాఖల లెక్కల్ని కలిపే ఏర్పాటు, మాత్రం ఇంకా లేవలేదు.

ఆ సంగతి పాసి ప్రకటనల్లోనే కనిపిస్తుంది. కూల్చేసిన భవనాల్లో, యజమాని తనకు సంబంధం లేదన్న చిరునామాల్లో జనం నమోదై ఉన్నారంటూ 2024లో వందలాది మంది చిరునామాలను ఆ సంస్థ తొలగించింది. 30 రోజుల్లో కొత్త చిరునామా ఇవ్వకపోతే 100 దీనార్ల వరకు జరిమానా అంది. ఇల్లు నేలమట్టమైన సంగతి బతాకా (పౌర గుర్తింపు కార్డు) లెక్కలోకి ఆ రోజే ఎందుకు ఎక్కలేదు? ఆలస్యం కార్యాలయాల మధ్య జరిగితే జరిమానా భయం కూలివాడి మీద పడింది.

పరిష్కారం కొత్త యంత్రం ఏమీ కాదు. మన పల్లెల్లో కరణం రాసిన లెక్కల్ని ఏటా జమాబందీలో పై అధికారి ముందు సరిచూసేవాళ్లు. రెండు పుస్తకాలు ఒకటే మాట చెప్పాలన్నదే అక్కడి నియమం. ఏడాదికోసారి చేసిన ఆ పనిని ఇప్పుడు గంటకోసారి చేయొచ్చు. ఎలాగంటే, బలదియా తన భవనాల పటాన్ని వెబ్ సర్వీస్‌గా అందుబాటులో పెడుతుంది. పాసి, అగ్నిమాపక దళం, విద్యుత్ శాఖ ఒక్కసారి పూర్తి నకలు తీసుకుంటాయి. ఆ తర్వాత మారిన అంశాలు మాత్రమే వెళ్తాయి. ఒక ఇల్లు కూలింది, ఒక అంతస్తు పెరిగింది, ఒక వీధికి పేరు పడింది, అంతే. నెట్ తెగితే ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే సాగుతుంది. ఇందుకు కావాల్సిన సాఫ్ట్‌వేర్ దాదాపు ఇరవై ఏళ్లుగా దొరుకుతోంది.

అడ్డం పడేది వేరే. ఒకే భవనాన్ని రెండు శాఖలు రెండు రకాలుగా దిద్దితే ఎవరి మాట నిలవాలి? దీనికి కంప్యూటర్ జవాబు చెప్పదు, ప్రభుత్వం చెప్పాలి. హద్దులకు, అంతస్తులకు బలదియా మాటే చివరిది. చిరునామాకు పాసి మాట. మీటరుకు విద్యుత్ శాఖ మాట. ఇది అన్ని శాఖలకూ తప్పనిసరి అయ్యే మంత్రివర్గ నిర్ణయంగా రావాలని మా అభిప్రాయం. శాఖల ఇష్టానికి వదిలితే ఎవరి పటాన్ని వాళ్లే దాచుకుంటారు. పటం చేతిలో ఉంటే అధికారం చేతిలో ఉన్నట్టే అనుకునేవాళ్లు ఏ దేశంలోనైనా ఉంటారు.

ఒక హద్దు మాత్రం గట్టిగా గీయాలి. శాఖల మధ్య భవనాలు, సంఖ్యలు తిరగాలి. మనుషుల పేర్లు, బతాకా నంబర్లు తిరగకూడదు. నాలుగు గదుల నక్షా ఉన్నచోట నలభై మంది నమోదయ్యారంటే తనిఖీకి వెళ్లడానికి అగ్నిమాపక దళానికి ఆ అంకె చాలు. అకామా (నివాస అనుమతి) గడువు దాటినవాళ్లను ఏరడానికి ఈ పటాన్ని వాడితే జనం నమోదుకే రారు, లెక్క మళ్లీ అబద్ధమవుతుంది. ఇప్పటికే నమోదు లేనివాళ్లు ఈ పటంలో కనిపించరు. వాళ్లను భయపెట్టి ఇంకా చీకట్లోకి తోయకూడదు.

ఈ విషయాన్ని భారత రాయబార కార్యాలయం కువైట్ ముందు పెట్టాలి. మంగాఫ్ మృతదేహాల కోసం భారత ప్రభుత్వం విమానం పంపినంత శ్రద్ధ దీనికీ కావాలి. కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల ఎంపీలు ఢిల్లీలో దీన్ని అడగాలి.

మొదటి నకలు అహ్మదీ, ఫర్వానియా గవర్నరేట్లతో మొదలుపెట్టాలి. మంగాఫ్ అహ్మదీలో ఉంది. మనవాళ్లు గదికి పదేసి మంది సర్దుకునే జలీబ్ ఫర్వానియాలో ఉంది.