పోలీసు రేడియోకి తాళం ఎవరి కోసం?

అమెరికాలో ఒక హాబీ ఉంది. మన దగ్గర దాదాపు లేదు కాబట్టి ముందు అదేంటో చెప్పాలి. బల్ల మీద ఒక చిన్న రేడియో పెట్టుకుని, ఊళ్ళో పోలీసులు, ఫైరింజన్ వాళ్ళు, అంబులెన్స్ వాళ్ళు ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకునేది వినడం. ఆ రేడియోని స్కానర్ అంటారు. ఫ్రీక్వెన్సీలన్నీ వరసగా చూసుకుంటూ పోతుంది. ఎక్కడైనా మాట వినిపిస్తే అక్కడ ఆగుతుంది. దానికి మైకు ఉండదు, వినడం ఒక్కటే.

"ఇదేం హాబీ రా, పక్కింటి గోడకి చెవి ఆనించినట్టు" అన్నాడు నా రూమ్మేట్. నేను ఒప్పుకోను. పక్కింటివాళ్ళ జీతం ఊరి జనం పన్నుల్లోంచి రాదు కదా.

మన దేశంలో ఈ హాబీ ఎందుకు లేదంటే, 1933 నాటి ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర పెట్టుకోవడాన్నే నేరం చేసింది. మన తాతలు మామూలు రేడియోకి కూడా పోస్టాఫీసులో డబ్బు కట్టి, లైసెన్సు పుస్తకంలో స్టాంపు అతికించుకున్నవాళ్ళే. అమెరికాలో కథ వేరే. 1928లో డెట్రాయిట్ పోలీసులు కార్లలో రేడియో పెట్టినప్పుడు ఆ సిగ్నల్ మామూలు ఏఎం స్టేషన్లకి కాస్త పైనే ఉండేది. 1930లలో అమ్మిన చాలా ఇంటి రేడియోల డయల్ మీద "పోలీస్" అని రాసే ఉండేది. 1938లో వీజీ అనే న్యూయార్క్ ఫోటోగ్రాఫర్ కారులో పోలీసు రేడియో పెట్టుకుని తిరిగాడు. ఇప్పుడు మ్యూజియంలలో ఉన్న అతని ఫోటోలు చాలావరకు అలా విని, పరిగెత్తి తీసినవే.

ఆ తర్వాత జరిగిన మార్పుల్ని అందరూ ఒకే గాటన కట్టేస్తారు. అక్కడే నాకు పేచీ. ఫ్రీక్వెన్సీ మార్చడం వేరు, తాళం వేయడం వేరు.

మొదటిదానికి మంచి ఉదాహరణ 800 మెగాహెర్ట్జ్ బ్యాండు. అక్కడ పోలీసు, ఫైర్ ఛానెళ్ళ మధ్యలోనే నెక్స్‌టెల్ అనే ఫోన్ కంపెనీ ఛానెళ్ళు ఇరుక్కుని ఉండేవి. ఆ కంపెనీ టవర్ పక్కన నిలబడితే పోలీసు చేతిలో రేడియో పనిచేయకుండా పోయేది. 2004లో ఎఫ్‌సీసీ, అంటే అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ, అందర్నీ సర్దుకోమంది. 866 మెగాహెర్ట్జ్ దగ్గరున్న చాలా పోలీసు, ఫైర్ ఛానెళ్ళు 15 మెగాహెర్ట్జ్ కిందికి దిగాయి. ఈ సర్దుబాటు ముగిసేసరికి 2021 వచ్చింది.

స్కానర్ వాళ్ళకి ఇక్కడ తగిలిన దెబ్బ సీఎస్ఈ వాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. పెద్ద ఊళ్ళలో అప్పటికే ట్రంకింగ్ వచ్చేసింది. ఓఎస్ క్లాసులో చెప్పే థ్రెడ్ పూల్ లాంటిదే. ఒక్కో డిపార్ట్‌మెంట్‌కి ఒక్కో ఛానెల్ ఇవ్వకుండా, ఛానెళ్ళన్నీ ఒక కుప్పలో పెట్టి, ఎవరు బటన్ నొక్కితే వాళ్ళకి ఖాళీగా ఉన్నది ఇస్తారు. ఎవరికి ఏది ఇచ్చామో కంట్రోల్ ఛానెల్ మీద ఒక నంబరు రూపంలో చెబుతారు. అప్పట్లో వాడుకలో ఉన్న మోటరోలా సిస్టమ్స్‌లో ఆ నంబరు నుంచి అసలు ఫ్రీక్వెన్సీ తెలుసుకోవడానికి ఒక టేబుల్ ఉండేది. పాత స్కానర్లలో ఆ టేబుల్ హార్డ్‌కోడ్ చేసేశారు. బ్యాండు కదిలాక అదే నంబరుకి వేరే ఫ్రీక్వెన్సీ. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ దొరికిన స్కానర్లు బతికాయి, మిగతావి ఆ పనికి పేపర్ వెయిట్లయ్యాయి. కాన్‌స్టెంట్లు హార్డ్‌కోడ్ చేయొద్దని మన ల్యాబ్ సార్లు ఊరికే అరవరు.

మధ్యలో ఇంకో రెండు మార్పులు. 2013 జనవరి 1 కల్లా పాత బ్యాండ్లలో ఛానెల్ వెడల్పు 25 కిలోహెర్ట్జ్ నుంచి 12.5కి తగ్గించాలన్నారు. అనలాగ్ పోయి పి25 అనే డిజిటల్ పద్ధతి విస్తరించింది. ప్రతిసారీ హాబీ వాళ్ళు గొణిగారు, మళ్ళీ కొత్త స్కానర్ కొన్నారు. మంచి డిజిటల్ స్కానర్ ఇవాళ 600 డాలర్ల పైమాటే.

ఆ ఖర్చు మీద నాకు పెద్ద సానుభూతి లేదు. మంటల్లోకి వెళ్ళిన మనిషి రేడియో పనిచేయడం, ఇంట్లో కూర్చుని వినేవాడి సరదా కన్నా ముఖ్యం. స్పెక్ట్రమ్ పరిమితం, సర్దుకోవాల్సిందే. పైగా ఈ మార్పులన్నిటి తర్వాత కూడా తలుపు తెరిచే ఉంది, గడియ చోటు మారిందంతే.

ఎన్‌క్రిప్షన్ అలా కాదు. 2023 జులైలో న్యూయార్క్ పోలీసులు బ్రూక్లిన్‌తో మొదలుపెట్టారు. దాదాపు 39 కోట్ల డాలర్ల కొత్త రేడియో వ్యవస్థలో అది భాగం. కీ లేకపోతే ఎంత ఖరీదైన స్కానర్ అయినా దండగే.

వాళ్ళు చెప్పే కారణాల్లో ఒకటి నిజంగా బలమైనది. బాధితుల పేర్లు, అడ్రసులు, డ్రైవింగ్ లైసెన్సు వివరాలు, ఒక్కోసారి ఆరోగ్యం సంగతులు కూడా రేడియోలో చదువుతారు. అవి ఊరంతా వినక్కర్లేదు. నా అక్క గురించి అలా గాల్లో చదివితే నేనూ ఊరుకోను.

రెండో కారణం, ఆకతాయిలు పోలీసు ఛానెల్‌లోకి దూరి తప్పుడు మెసేజ్‌లు ఇస్తున్నారని. ఇది కూడా జరిగింది, అరెస్టులూ అయ్యాయి. కానీ దీనికి మందు ఎన్‌క్రిప్షనే అనడం దగ్గర నేను ఆగుతాను. మాట్లాడేది ఎవరో తేల్చడం అథెంటికేషన్, వినేవాడిని ఆపడం కాన్ఫిడెన్షియాలిటీ. నెట్‌వర్క్ సెక్యూరిటీలో ఈ రెండూ కలిపి రాస్తే మార్కులు పోతాయి. దొంగ గొంతుని ఆపడానికి అందరి చెవులూ మూయక్కర్లేదు.

పోనీ తాళమైనా గట్టిదా? 2011లో మ్యాట్ బ్లేజ్ బృందం యూజినిక్స్ సెక్యూరిటీ సదస్సులో పి25 మీద ఒక పేపర్ ఇచ్చింది. ఫెడరల్ ఏజెంట్లు ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందనుకుంటూ రహస్య ఆపరేషన్ల సంగతులు బాహాటంగా మాట్లాడేసుకోవడం వాళ్ళు రికార్డు చేశారు. రేడియో మీద స్విచ్ అంత గందరగోళంగా ఉందట. అమ్మాయిల కోసం అమ్మే ఒక గులాబీ రంగు మెసేజింగ్ బొమ్మతో పి25ని జామ్ చేయొచ్చని కూడా చూపించారు. యూరప్‌లో వాడే టెట్రా కథ ఇంకా విడ్డూరం. దాని అల్గారిథమ్‌లు దశాబ్దాలు రహస్యంగా ఉంచారు. 2023లో నెదర్లాండ్స్ పరిశోధకులు బయటపెడితే, ఒకదానిలో 80 బిట్ల కీ లోపల 32 బిట్లకి కుదించి ఉంది.

అయినా హాబీ వాళ్ళది మాత్రం ఏమీ తప్పు లేదనను. ఊళ్ళో పది మంది వినేది ఇంటర్నెట్ స్ట్రీమ్‌గా మారాక ప్రపంచమంతా వినడం మొదలైంది. మన హాస్టల్‌లో రాత్రి పదకొండుకి ఫోన్ తెరిస్తే అమెరికాలో ఏదో ఊరి మధ్యాహ్నం వినిపిస్తుంది. 2013లో బోస్టన్ మారథాన్ బాంబుల తర్వాత, స్కానర్‌లో విన్నామంటూ తప్పు పేర్లు సోషల్ మీడియాలో పాకాయి. అందులో ఒకటి అప్పటికే కనిపించకుండా పోయిన భారతీయ సంతతి విద్యార్థిది. ఆ కుటుంబం పడ్డ బాధకి స్ట్రీమింగ్ చేసేవాళ్ళు, షేర్ చేసేవాళ్ళు కూడా జవాబు చెప్పాలి.

కానీ తాళం పడ్డాక మిగిలేది పోలీసులు ఇచ్చే ప్రెస్ నోట్. కాల్పులు జరిగాయా, ఎవరు ముందు కాల్చారు, అంబులెన్స్ ఎంతసేపటికి వచ్చింది అనేవి అప్పటికప్పుడు విన్న మూడో మనిషి ఎవరూ ఉండరు. డెన్వర్ 2019లో మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసి, పత్రికలకి వినే వీలు కావాలంటే ఒప్పందం మీద సంతకం పెట్టమంది. ఎవరి మీద వార్త రాయాలో వాళ్ళ అనుమతితోనే వినడం ఏం వినడం? షికాగో 30 నిమిషాలు ఆలస్యంగా వినిపిస్తోంది. పక్క వీధిలో కాల్పులు జరుగుతుంటే అరగంట తర్వాత తెలియడం తెలియనట్టే.

అలాగని మధ్యేమార్గం లేకపోలేదు. కాలిఫోర్నియాలో 2020లో రాష్ట్ర న్యాయశాఖ పోలీసులకి రెండు దారులు చూపించింది: మొత్తం ఎన్‌క్రిప్ట్ చేయండి, లేదా వ్యక్తిగత వివరాల్ని మాత్రం కాపాడండి. పాలో ఆల్టో పోలీసులు 2021 జనవరిలో మొత్తం మూసేశారు. జనం, పత్రికలు వదల్లేదు. కొత్త చీఫ్ వచ్చాక 2022లో మళ్ళీ తెరిచారు. వ్యక్తిగత వివరాలు అవసరమైనంత వరకే చెప్పాలని, మిగతాది ఫోన్‌లోనో ఇంకో దారిలోనో పంపాలని పెట్టుకున్నారు. మామూలు డిస్పాచ్ మాత్రం మళ్ళీ ఎవరైనా వినగలిగారు. స్టాన్‌ఫోర్డ్ పక్కనున్న ఊరు అది. ఎన్‌క్రిప్షన్ అంటే ఏంటో తెలియక తెరిచారనడం కష్టం.