రాతియుగం మనుషులంటే కోపం వద్దు, జవాబు చెప్పు



మొన్న పాలకుర్తిలో బస్సు కోసం నిలబడ్డం. మా మాటలు విని పక్కనున్న పెద్దమనిషి ఒకాయన నవ్వుకుంట, "మీరింక రాతియుగంలనే ఉన్నరు" అన్నడు. మా తమ్ముడొకడు కొట్లాటకే లేచిండు. నేను ఆపిన. ఈ మాట కాలేజీలో, హాస్టల్లో, ఆఫీసుల్లో మీకూ తగిలే ఉంటది. అందుకే రాస్తున్న.

ముందు రాతి పనిముట్టు సంగతి చూడండి. వాగులో రెండు రాళ్లు ఏరుకొని ఒకదానితో ఒకటి కొట్టి చూడు. పదునైన అంచు అంత తేలిగ్గ రాదు. ఏ రాయి పెచ్చులుగా లేస్తదో, ఏది పిండి అయితదో తెలియాలె. ఎక్కడ, ఎంత జోరుగా కొట్టాలో తెలియాలె. దెబ్బ వేయకముందే చివరి రూపం మనసులో ఉండాలె. అది బుద్ధి లేనోళ్ల పని కాదు.

కెన్యాలోని లొమెక్వి దగ్గర దొరికిన పనిముట్ల వయసు 33 లక్షల ఏళ్లు. అప్పటికి మన మానవజాతి ఇంకా పుట్టనే లేదు. చెన్నై దగ్గరి అత్తిరంపాక్కంలో 1863లోనే రాతి గొడ్డళ్లు దొరికాయి. అక్కడి పాత పనిముట్లు సుమారు 15 లక్షల ఏళ్ల నాటివని 2011లో శాస్త్రవేత్తలు తేల్చారు. మన నంద్యాల జిల్లా జ్వాలాపురంలో 74 వేల ఏళ్ల కింద కురిసిన టోబా అగ్నిపర్వతం బూడిద పొర ఉంది. ఆ పొర కిందా పనిముట్లున్నయి, పైనా ఉన్నయి. అంటే అంత బూడిద కురిసినంక కూడా అక్కడ మనుషులు బతికిండ్రు, పని చేసిండ్రు.

ఆ రాళ్ల మీద ఏ కులం పేరూ, ఏ తెగ పేరూ లేదు. రాతియుగం దాటి రాని వంశం భూమ్మీద ఒక్కటీ లేదు. బస్టాండులో నవ్విన పెద్దమనిషి వంశమైనా అంతే. ఇగ మన చెంచుల సంగతంటవా, వాళ్ల బాణానికీ, గడ్డలు తవ్వే కర్రకూ ఇనుప మొనే.

ఇది ఒక్క ఎగతాళి మాటే అయితే వదిలేద్దుము. కానీ సర్కారు కూడా 1975లో 'ఆదిమ తెగలు' అని జాబితా మొదలుపెట్టింది. మన తెలంగాణలో చెంచు, కోలాం, తోటి, కొండరెడ్లు అందులో ఉన్నరు. 2006లో 'ఆదిమ' అన్న మాట తీసేశారు. 'వ్యవసాయానికి ముందటి స్థాయి సాంకేతికత' అన్న కొలత మాత్రం పోలేదు. అదే 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది, గ్రామసభకు అధికారం ఇచ్చింది. కానీ వీళ్లకు ఆలోచన లేదని ముద్ర వేస్తే, గ్రామసభను అడిగే పనేముంది? సంతకాలు తీసుకుంటే చాలనుకుంటరు. ఆ మాట చేసే అసలు నష్టం అదే.

ఇంకొకటి. మనలో కొందరు "అవును, మేమే తొలి మనుషులం" అని గర్వంగా పోస్టులు పెడుతున్నరు. జాగ్రత్త, అది కూడా మనల్ని మ్యూజియంలో నిలబెట్టే మాటే. మనం పాతకాలం నుంచి మిగిలిపోయినోళ్లం కాదు, ఈ కాలం మనుషులం. మన హక్కు రాతియుగం నుంచి రాలేదు. ఈ నేల మీద మన బతుకు నుంచి, రాజ్యాంగం నుంచి వచ్చింది.

ఈసారి ఎవరన్న ఆ మాట అంటే కోపానికి రాకు. వాగులో ఒక రాయి తీసి చేతిలో పెట్టు. "అన్నా, దీంతోని ఒక గొడ్డలి చేసి చూపియ్యి" అను.

జై ఆదివాసీ!