సగం ఇల్లు చీకటైతే

వలసల గురించి మాట్లాడడానికి కల్యాణదుర్గం వైపు ఒక పల్లెకు వెళ్ళినప్పుడు ఒక ఇంట్లో పొద్దు గూకింది. ముందు గదిలో బల్బు వెలుగుతోంది, టీవీ నడుస్తోంది. వెనక వంటింట్లో మాత్రం కటిక చీకటి. ఆ ఇల్లాలు సెల్‌ఫోన్ లైటును ఉప్పుడబ్బాకు ఆనించి, ఆ వెలుగులో సంగటి కెలుకుతోంది. ఎన్నాళ్ళయిందని అడిగాం. "నెలయింది మేడం. మా ఇంటాయన బెంగుళూరు నుంచి వచ్చినపుడు సూస్తానన్నాడు. నేను ముట్టుకుంటే షాకు కొడుతుందంట" అంది.

మర్నాడు పక్క వీధిలో వైరింగు పని తెలిసిన కుర్రాడొకడు వచ్చి చూశాడు. వంటింటి లైను ఫ్యూజులో తీగ కాలిపోయింది. మార్చడానికి అయిదు నిమిషాలు పట్టింది.

హక్కుల పత్రికలో సంపాదకీయం రాయదగిన విషయమా ఇది అని కొందరికి అనిపించవచ్చు. మాకూ మొదట అలాగే అనిపించింది. కానీ ఆ ఇంట్లో చీకటైన సగం ఏదో గమనించండి. టీవీ ఉన్న గదిలో కరెంటు పోయి ఉంటే నెల్లాళ్ళు ఎవరైనా ఊరుకునేవాళ్ళా? రోజుకు ఇరవై గంటలు ఆ ఇంట్లో గడిపే మనిషికి ఆ ఇంటి తీగలు ఎటు పోతున్నాయో తెలియకపోవడం, తెలుసుకోకూడదని ఆమె నమ్మడం సహజంగా జరిగినవి కావు. మగపిల్లవాడు పదేళ్ళకే టెస్టరు పట్టుకుంటే ముచ్చటపడతాం. ఆడపిల్ల బల్బు మార్చబోతే స్టూలు దిగమంటాం. ఏటా వలస పోయే ఈ కరువు సీమలో ఆ మగవాళ్ళు ఇంట్లో ఉండే నెలలే తక్కువ.

అందుకే ఈసారి సిద్ధాంతం కాస్త పక్కనపెట్టి, ఆ కుర్రాడు అయిదు నిమిషాల్లో ఏం చూశాడో రాస్తున్నాం.

ఇంట్లో కొంత భాగానికే కరెంటు పోయినప్పుడు మొదట చూడాల్సింది వీధిని. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఊళ్ళోకి మూడు ఫేజులు వస్తాయి. ఇళ్ళను వాటికి పంచి కలుపుతారు. ఒక ఫేజు పోతే దాని మీదున్న ఇళ్ళు చీకటవుతాయి, పక్కిల్లు వెలుగుతూనే ఉంటుంది. మూడు ఫేజుల మీటరున్న ఇంట్లోనైతే కొన్ని గదులే పోతాయి. ఇది లైన్‌మన్ చూడాల్సిన పని, 1912కి ఫోన్ చెయ్యాలి. ఇక్కడే మగవాళ్ళు కొందరు స్తంభమెక్కి సర్వీసు వైరును వేరే ఫేజుకు తగిలించే సాహసం చేస్తారు. ఆ మగతనానికి ప్రాణాలు పోయినప్పుడు, దాని ఖరీదు జీవితాంతం కట్టేది వాళ్ళ భార్యలు.

వీధంతా బాగుండి మన ఇంట్లోనే సగం పోతే, ఫ్యూజుల బోర్డు దగ్గరికి వెళ్ళాలి. చేతులు పొడిగా ఉండాలి, కాళ్ళకు చెప్పులుండాలి, ముందు మెయిన్ ఆపాలి. మెయిన్ ఆపినా మీటరు నుంచి మెయిన్ దాకా వచ్చే వైర్లలో కరెంటు ఉంటుందని మరవకూడదు. పాత ఇళ్ళలో పింగాణీ ఫ్యూజులుంటాయి. ఒక్కొక్కటీ లాగి చూస్తే తీగ కాలినది తెలిసిపోతుంది. మాటిమాటికీ పోతోందని లావు రాగితీగ చుట్టే అలవాటు మన ఊళ్ళలో ఉంది. ఫ్యూజు తీగ ఉన్నదే కాలడానికి. అది కాలకపోతే గోడలోని వైరు కాలుతుంది.

కొత్త ఇళ్ళలో ఎం.సి.బి.లు. పడిపోయిన ఎం.సి.బి. ఒక్కోసారి మధ్యలో ఆగి, వేసి ఉన్నట్టే కనిపిస్తుంది. పూర్తిగా కిందికి నొక్కి మళ్ళీ పైకి వెయ్యాలి. వెంటనే పడిపోతే ఆ లైను మీదున్న మిక్సీ, ఫ్రిజ్, ఇస్త్రీపెట్టె ప్లగ్గులన్నీ తీసేసి వెయ్యాలి. అప్పుడు నిలబడితే ఒక్కొక్కటే మళ్ళీ పెడుతూ పోతే తప్పు దేనిదో బయటపడుతుంది. అన్నీ తీసినా పడుతూనే ఉంటే లోపం వైరింగులో ఉంది, ఎలక్ట్రీషియన్ రావాలి. ఫ్యూజులూ ఎం.సి.బి.లూ బాగుండి కరెంటు రాకపోతే ఎక్కడో అతుకు వదులై ఉంటుంది. కాలిన వాసన వచ్చినా, స్విచ్‌బోర్డు వేడెక్కినా మెయిన్ ఆపేసి కూర్చోవాలి తప్ప విప్పకూడదు.

ఒక సంగతి మాత్రం మగవాళ్ళలోనూ చాలామందికి తెలియదు. ప్లగ్గు రెండు రంధ్రాల్లోనూ టెస్టరు వెలుగుతోందంటే సాధారణంగా న్యూట్రల్ తెగిందని అర్థం. పరికరం నడవదు గనక కరెంటు లేదనుకుని చెయ్యి పెడితే ప్రాణం పోతుంది. మూడు ఫేజుల ఇంట్లో కొన్ని బల్బులు మితిమీరి వెలుగుతూ, కొన్ని మిణుకుమంటుంటే కూడా అనుమానించాల్సింది న్యూట్రల్‌నే. వెంటనే మెయిన్ ఆపాలి.

ఇక ఎర్తు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూఇటూ వాన పడే అనంతపురం గరప నేలల్లో ఎర్తు గుంత త్వరగా ఎండిపోతుంది. ఎండిన నేలలోకి కరెంటు తేలిగ్గా దిగదు. అందుకే గుంతలో బొగ్గూ ఉప్పూ వేస్తారు, వేసవిలో నీళ్ళు పొయ్యాలంటారు. తాగే నీళ్ళకే ట్యాంకరు దగ్గర నిలబడే చోట, ఆ బిందె మోసేది ఎవరో చెప్పనక్కర్లేదు. ఆ నీళ్ళు ఎందుకు పొయ్యాలో ఆమెకు ఎవరూ చెప్పరు. ఫ్రిజ్ ముట్టుకుంటే చురుక్కుమంటోందని ఆమె అంటే, భయమెక్కువ అని నవ్వుతారు. ఆమె చెప్పేది భయం కాదు, ఎర్తు సరిగా లేదన్న సమాచారం.

తెలుసుకోవడంతోనే అన్నీ తీరవు. ఫిర్యాదు చెయ్యబోతే సర్వీసు నంబరు ఎవరి పేరున ఉందని అడుగుతారు. భర్త పేరునో, ఎప్పుడో చనిపోయిన మామగారి పేరునో ఉంటుంది. "ఇంట్లో మగవాళ్ళు లేరా?" అన్న ప్రశ్న తర్వాత వస్తుంది. 2003 విద్యుత్ చట్టం 43వ సెక్షన్ ప్రకారం ఇంటి యజమానే కాదు, అందులో నివాసముంటున్నవారు కూడా కనెక్షన్ కోసం దరఖాస్తు చెయ్యవచ్చు. బకాయి ఉన్నా 15 రోజుల ముందు రాతపూర్వక నోటీసు లేకుండా కరెంటు కొయ్యకూడదని 56వ సెక్షన్ చెబుతోంది. 42వ సెక్షన్ కింద ప్రతి పంపిణీ సంస్థా వినియోగదారుల ఫిర్యాదుల వేదిక పెట్టాలి, దానిపైన అంబుడ్స్‌మన్ ఉండాలి.

మరో రకం చీకటి ఉంది. కౌన్సెలింగ్‌కి వచ్చే స్త్రీలు దీన్ని చివర్లో, అసలు విషయం కాదన్నట్టు చెబుతారు. కోడలుండే గదికి మాత్రమే కరెంటు రాదు. బాగుచేయించమంటే పుట్టింటికి పొమ్మంటారు. అలాంటప్పుడు ఫ్యూజుల బోర్డు చూడాలి. తీగ కాలి మసి పట్టి ఉంటే లోపం. పింగాణీ ముక్కే మాయమైతే, అది ఎవరో తీసేసినది. 2005 గృహహింస చట్టం ఆర్థిక హింసను నిర్వచిస్తూ, ఇంటి అవసరాలు అందకుండా చెయ్యడాన్నీ, ఆమె వాడుకోదగిన సౌకర్యాలను అడ్డుకోవడాన్నీ అందులో చేర్చింది. ఇల్లు ఆమె పేరున లేకపోయినా అందులో ఉండే హక్కు 17వ సెక్షన్ ఇస్తోంది. బోర్డు ఫొటో తీసి పెట్టుకోండి, తేదీ రాసుకోండి, 181కి ఫోన్ చెయ్యండి.

2000లో కరెంటు ఛార్జీల పెంపుకు వ్యతిరేకంగా ఉమ్మడి రాష్ట్రంలో సాగిన ఉద్యమంలో స్త్రీలు వీధుల్లోకి వచ్చారు. ఆగస్టు 28న బషీర్‌బాగ్ కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. కరెంటు బిల్లు ఆడవాళ్ళ సమస్యేనని అప్పుడు ఎవరూ కాదనలేదు. కరెంటు స్తంభం దగ్గరికి వచ్చేసరికి మాట మారింది. తెలంగాణలో 2019లో జూనియర్ లైన్‌మన్ పోస్టులకు స్త్రీలు పనికిరారన్నారు. హైకోర్టుకు వెళ్ళి, స్తంభమెక్కి చూపించి, సిద్దిపేట జిల్లాకు చెందిన బబ్బూరి శిరీష 2021లో ఆ ఉద్యోగం సాధించింది.

ప్రతి ఒక్కరూ స్తంభం ఎక్కాలని మేం అనడం లేదు. పొదుపు సంఘాల నెలవారీ సమావేశాల్లో ఒక్క పూట పంపిణీ సంస్థ మనిషి వచ్చి ఫ్యూజు మార్చడం, మెయిన్ ఆపడం చేతికిచ్చి నేర్పాలి. ఇళ్ళ పథకాల్లో పట్టా స్త్రీ పేరున ఇస్తున్నప్పుడు మీటరు కూడా ఆమె పేరునే ఉండాలి. మగవాళ్ళు లేరా అని అడగకుండా ఆమె ఫిర్యాదు నమోదు చెయ్యాలి.