కొండమీది మా ఇల్లు

పల్లెలలో ఉండే మీలో చాలామంది బెజవాడను రైలుస్టేషను నుండో, ఆసుపత్రి వరండా నుండో చూచి ఉంటారు. తల ఎత్తితే కొండల మీద ఒకదానిపై ఒకటి పేర్చినట్లు ఇళ్ళు కనబడతాయి. అటువంటి ఒక ఇంటిలో మేము నలుగురము తోబుట్టువులము పెరిగాము. మాది మొగల్రాజపురము కొండ. క్రింద పాతకాలపు గుహలు, కలిగినవారి మేడలు, పైన మేము. బడిలో ఎవరైనా అడిగితే "మొగల్రాజపురము" అని మాత్రమే చెప్పి, "కొండమీద" అనే మాట మ్రింగివేసేవారము. మేడలలో పిల్లలమని వారనుకొనేవారు. మేమూ అనుకోనిచ్చాము.

కొండమీద కాపురమంటే ముందుగా నీళ్ళ సంగతే. ఊరిని ఆనుకొని కృష్ణ ఉన్నది, ఊరిలోనుండి ఏలూరు, బందరు, రైవస్ కాలువలు పోతాయి. అయినా మా కుండలోకి నీళ్ళు రావాలంటే నూటముప్పై మెట్లు దిగి మోసుకు రావలసిందే. తెల్లవారుజామున నాలుగింటికి కుళాయి వచ్చేది. రాత్రే బిందెలు వరుసలో పెట్టేవారు. బిందె లేనివారు ఒక ఇటుకరాయి పెట్టినా, ఆ రాయిని మనిషిగానే లెక్కించేవారు. అమ్మకు జ్వరము వచ్చిన రోజులలో మా ప్రక్కింటి మామ్మ తన బిందెతోబాటు మా బిందె కూడా వరుసలో జరుపుతూ ఉండేది. ఆమె మాకు చుట్టము కాదు. ఉప్పాడ నుండి బ్రతుకుతెరువుకు వచ్చిన కుటుంబము వారిది.

తగవులు లేవనుకోకండి. మా చెల్లెలు పుట్టే ముందురోజు, వరుస తప్పిందని ఎదురింటావిడ, మా అమ్మ జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. ఆ మరునాటి రాత్రి వానలో అమ్మకు నొప్పులు వచ్చినవి. నులకమంచము మీద పడుకోబెట్టి, జారే మెట్ల మీద ఎనిమిదిమంది మోసి క్రిందికి దించారు. ముందు కోడు పట్టినది ఆ ఎదురింటావిడ భర్తే. లాంతరు పట్టుకొని ముందు నడిచినది సాయిబుగారు.

కష్టములోనే ప్రేమ ఉంటుందని కొందరు అంటారు. మేము ఆ మాట అనము. కుళాయి పైదాకా వచ్చి ఉంటే మా అమ్మ నడుము అంత త్వరగా వంగేది కాదు. వానాకాలములో బండరాయి ఎప్పుడు దొర్లుతుందోనని పెద్దలు కూర్చుని తెల్లవార్చిన రాత్రులు మాకు తెలుసు.

1994లో నాన్నగారు సింగ్‌నగరులో చిన్న స్థలము కొని రెండు గదులు వేశారు. చదునైన నేల, వాకిట్లో కుళాయి! గృహప్రవేశానికి మామ్మ వచ్చి, కొళాయి తిప్పి చూచి, నవ్వి, భోజనము చేసి వెళ్ళింది. తరువాత మేమే కొండ ఎక్కలేదు. మొదట చదువులు అన్నాము, తరువాత ఉద్యోగాలు అన్నాము. నిజానికి ఆ మెట్లు మా పిల్లలకు చూపించడము మాకు ఇష్టము లేకపోయింది.

2024 సెప్టెంబరు 1న బుడమేరు మా వీధిలోకి వచ్చింది. మళ్ళింపు కాలువకు గండ్లు పడినవి. కృష్ణలో ప్రవాహము పదకొండు లక్షల క్యూసెక్కులు దాటింది. మేము పిల్లలతో డాబా ఎక్కి రెండు రాత్రులు గడిపాము. చుట్టూ నీళ్ళే, త్రాగడానికి చుక్క లేదు. మూడవనాడు ఒక యువకుడు గొంతు దాకా నీళ్ళలో, లారీ ట్యూబు మీద నీళ్ళ డబ్బాలు, అన్నము మూటలు పెట్టి నెట్టుకుంటూ వచ్చాడు. మామ్మ మనుమడట. "టాంకు ప్రక్క సందు, మూడో ఇల్లు" అని ఆమె గురుతు చెప్పి పంపింది. ముప్పై యేండ్ల క్రిందట ఒక్కసారి చూచిన ఇల్లు! వరదకు ముందురోజే, ఆగస్టు 31న, మొగల్రాజపురములో కొండచరియ విరిగిపడి మనుషులు చనిపోయారు. తాము ఉన్న కొండే అట్లా ఉండగా వారు మాకు అన్నము వండారు.

అతడు ఒక చిన్న గిన్నె విడిగా ఇచ్చాడు. "ఇది మెత్తగా వండింది. మీ అమ్మగారికి ఇమ్మంది" అన్నాడు. మా అమ్మ 2011లోనే ప్రభువునందు నిద్రించింది. మామ్మకు కబురు చేయలేదు. అతనితో ఆ సంగతి చెప్పడానికి మాకు నోరు రాలేదు. గిన్నె తీసుకున్నాము.

బురద కడుగుకున్న తరువాత ఒక ఆదివారము సాయంత్రము నలుగురము కలిసి మెట్లు ఎక్కాము. ఇప్పుడు రెయిలింగు ఉన్నది, పైన కుళాయి కూడా ఉన్నది. మామ్మ గడపలో కూర్చుని ఉంది. మమ్మును పేర్లు పెట్టి పిలిచింది. లోపల మూలన ఒక ఇత్తడి బిందె ఉంది. దాని మెడ మీద మా అమ్మ పేరు చెక్కి ఉంది. చింతపండుతో తోమినది కాబోలు, నిగనిగలాడుతోంది.

"మీరు వెళ్ళినప్పుడు మరిచిపోయింది. వచ్చినప్పుడు ఇద్దామని ఉంచాను" అన్నది మామ్మ. "అమ్మ రాలేదేమి? మెట్లు ఎక్కలేకపోతోందా?"

పెద్దక్క ఆమె ప్రక్కన కూర్చుని, చేయి పట్టుకుని చెప్పింది. మామ్మ చాలాసేపు మాటలాడలేదు. చీకటి పడింది. అప్పుడు లేచి, పొయ్యి దగ్గరకు పోతూ, "అన్నము తిని వెళ్ళండి" అన్నది.