బహుమతి ఎవరికి? బాకీ ఎవరికి?

క్రెడిట్ కార్డు అంటగట్టడానికి వచ్చే ఏజెంట్లు చేతిలో పెట్టే కరపత్రాన్ని పరిశీలనగా చూసినవారికి ఒక సంగతి బోధపడుతుంది. అందులోని పెద్ద అక్షరాలన్నీ బహుమతి పాయింట్లకు, క్యాష్‌బ్యాక్‌కు, విమానాశ్రయ లాంజ్‌కు కేటాయించబడి ఉంటాయి. వార్షిక రుసుము మధ్యలో ఎక్కడో ఉంటుంది. వడ్డీ రేటు అడుగున, చత్వారం వచ్చినవారి కంటికి ఆననంత చిన్న అక్షరాలలో, అదీ నెలసరి అంకెగా కనిపిస్తుంది. 'నెలకు 3.5 శాతం' అని చదివిన మనిషి అదేమంత పెద్ద సంఖ్య అనుకుంటాడు. సంవత్సరానికి లెక్క కడితే అది 42 శాతం, 3.75 అయితే 45 శాతం. మన దేశంలో చాలా కార్డుల వడ్డీ ఈ స్థాయిలోనే ఉన్నది. ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీ గుంజే వ్యాపారిని రక్తం తాగుతున్నాడని మనం శాపనార్థాలు పెడతాము. అంతకంటె ఎక్కువ గుంజే కార్డును గౌరవ చిహ్నంగా జేబులో దాచుకుంటున్నాము.

కార్డులను పోల్చవలసినది పట్టిక అడుగునుంచి పైకి అన్నది మా వాదం. ముందు వడ్డీ, తర్వాత రుసుములు, అన్నిటికంటె చివర బహుమతులు. అమ్మేవాడు వేసిన వరుసలోనే చదువుతూ పోయినంతకాలం కొనేవాడికి నష్టం తప్పదు.

'వద్దు' అంటే సరిపోతుందా?

ఈ చర్చ ఎత్తగానే కొందరు పెద్దలు, "వడ్డీ నిషిద్ధం కదా, ఇక కార్డుల పోలిక మనకెందుకు?" అని మాట తుంచివేస్తారు. వడ్డీ నిషిద్ధమనడంలో మాకు భిన్నాభిప్రాయం లేదు. 'బఖర' సూరా ఆ విషయాన్ని నిర్ద్వంద్వంగా చెప్పింది. కార్డు విషయంలో మాత్రం ఉలమాల అభిప్రాయాలు ఒక్క తీరుగా లేవు. గడువు తప్పితే వడ్డీ కట్టే షరతున్న ఒప్పందం మీద సంతకమే తగదనేవారున్నారు. గడువులోగా పూర్తిగా చెల్లించే నిశ్చయమున్నవారికి అవసరం మేరకు అనుమతించినవారూ ఉన్నారు. మేము ముఫ్తీలము కాము. ఆ తీర్పు మా పని కాదు. ఎవరికివారు తాము విశ్వసించే ఆలిమును అడిగి తెలుసుకోవాలి.

కానీ మన కళ్లెదుటి వాస్తవం ఒకటి ఉన్నది. మన యువకుల జేబుల్లో కార్డులు ఇప్పటికే ఉన్నాయి. హైటెక్ సిటీలో కొలువు చేసేవారికి, విజయవాడ, గుంటూరు, నిజామాబాదులలో నెల జీతం అందుకునేవారికి ఫోన్లమీద ఫోన్లు వస్తూనే ఉన్నాయి. పెద్దలు మౌనం వహించినచోట ఆ పిల్లలకు కార్డు పాఠం చెబుతున్నది అమ్మేవాడే. అదే 'బఖర' సూరాలో అప్పును, దాని గడువును వ్రాసి పెట్టుకోవాలని ఆదేశించే 282వ వాక్యం ఖుర్ఆన్ మొత్తంలో అన్నిటికంటె పొడవైనది. అప్పు పత్రం విషయంలో అంత జాగ్రత్త నేర్పిన గ్రంథాన్ని చదివే సమాజం, చదవకుండా సంతకం చేసే సమాజంగా మారడం తలవంపులు కాదా?

లెక్క వేసి చూద్దాం

ప్రభుత్వ కార్యాలయాలలో జీవితమంతా పద్దులు సరిచూసినవారము. కనుక మాటలు తగ్గించి అంకెలు ముందుంచుతాము. ఇవి ఉదాహరణకు తీసుకున్న కార్డులు.

మొదటి కార్డుకు వార్షిక రుసుము లేదు. ఖర్చుపై 1 శాతం తిరిగి వస్తుంది. రెండవ కార్డుకు రుసుము 1,000 రూపాయలు. 2 శాతం తిరిగి వస్తుంది. నెలకు 10,000 రూపాయలు ఖర్చు చేసే కుటుంబానికి ఏడాదికి 1,20,000 అవుతుంది. మొదటి కార్డు 1,200 ఇస్తుంది. రెండవది 2,400 ఇస్తుంది కానీ రుసుము, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపి 1,180 తీసుకుంటుంది, మిగిలేది 1,220. రెండింతల బహుమతి అని చాటిన కార్డుకూ, ఉచితమైన కార్డుకూ ఏడాది పొడవునా ఉన్న తేడా 20 రూపాయలు!

ఇప్పుడు ఆ కుటుంబంలో ఒక నెల జబ్బు చేసిందనో, జీతం ఆలస్యమైందనో 20,000 బాకీ నిలిచిపోయిందనుకుందాం. నెలకు 3.5 శాతం చొప్పున వడ్డీ 700, దానిపై జీఎస్టీ 126, వెరసి 826 రూపాయలు. అటువంటి నెలలు ఏడాదిలో రెండు వస్తే చాలు, బహుమతులన్నీ తుడిచిపెట్టుకుపోయి 400కు పైగా ఎదురు కట్టవలసి వస్తుంది. మామూలు అప్పుపై వడ్డీకి జీఎస్టీ లేదు. కార్డు వడ్డీకి ఉన్నది. ఈ సంగతి మన చదువుకున్నవారిలోనూ చాలామందికి తెలియదు.

'కనీస మొత్తం చెల్లించండి' అనే వాక్యం అన్నిటికంటె ప్రమాదకరమైనది. బాకీ 50,000, కనీస మొత్తం 2,500 అనుకుందాం. నెల వడ్డీ 1,750, జీఎస్టీ 315, మొత్తం 2,065. కట్టిన 2,500లో అసలుకు జమ అయ్యేది 435 రూపాయలే. కట్టినవాడు నిశ్చింతగా నిద్రపోతాడు. బాకీ కదలక మెదలక అలాగే ఉంటుంది. పైగా బిల్లులో కొంత మిగిల్చినా 45, 50 రోజుల వడ్డీలేని వెసులుబాటు రద్దవుతుంది. వడ్డీని వస్తువు కొన్న తేదీనుంచే లెక్కిస్తారు. ఆ తర్వాత కొన్నవాటికి కూడా మొదటి రోజునుంచే వడ్డీ నడుస్తుంది.

కార్డుతో ఏటీఎంలో నగదు తీసేవారి గతి ఇంకా దయనీయం. అక్కడ వడ్డీలేని రోజు ఒక్కటీ ఉండదు. 10,000 తీసినందుకు రుసుము 500 అయితే జీఎస్టీతో 590. నెల వడ్డీ, దాని జీఎస్టీ కలిపి 413. పదివేలకు నెల తిరిగేసరికి 1,003 రూపాయలు సమర్పించుకున్నట్టే.

ఉమ్రాకు వెళ్లేవారికి, గల్ఫులోని బంధువుల వద్దకు వెళ్లేవారికి ఇంకొక హెచ్చరిక. విదేశీ కరెన్సీలో చేసే ఖర్చుపై చాలా కార్డులు 3.5 శాతం వరకు అదనంగా వసూలు చేస్తాయి. లక్ష రూపాయల విలువైన రియాళ్ల ఖర్చుకు జీఎస్టీతో కలిపి అది 4,130 రూపాయలు. ఆ ప్రయాణంలో వచ్చే పాయింట్ల విలువ దీనిలో ఎన్నో వంతో లెక్క చూసుకున్నాకే కార్డు బయటికి తీయాలి.

పాయింట్ల సొమ్ము ఎవరిది?

బ్యాంకు తన ఇంటినుంచి తెచ్చి ఎవరికీ బహుమతి ఇవ్వదు. ఆ సొమ్ము మూడు జేబులనుంచి వస్తుంది. మొదటిది వార్షిక రుసుము కట్టేవారిది. రెండవది కార్డు అంగీకరించే దుకాణదారుది. లాడ్‌బజారులో గాజులమ్మే చిన్న వ్యాపారి కూడా ప్రతి అమ్మకంపై కొంత శాతం వదులుకుంటున్నాడు. మూడవది, అన్నిటికంటె చేదైనది, గడువు తప్పి వడ్డీ కట్టేవాడి జేబు. లాంజ్‌లో ఉచితంగా భోజనం చేసేవారి పళ్లెంలోకి, ఆసుపత్రి బిల్లు తీర్చలేక బాకీపడినవాడి సొమ్ము కూడా వచ్చి చేరుతున్నది. 'నేను ఒక్క రూపాయి వడ్డీ కట్టను, పాయింట్లు మాత్రం తీసుకుంటాను' అని గర్వించే సోదరులు ఈ కోణాన్ని ఒకసారి ఆలోచించాలని మా మనవి.

చౌక ద్వారం మూసి, ఖరీదు ద్వారం తెరిచి

మన విషయంలో ఈ అన్యాయానికి మరొక ముఖమున్నది. ముస్లింలు ఎక్కువగా నివసించే కొన్ని ప్రాంతాలను కొన్ని బ్యాంకులు ప్రతికూల ప్రాంతాలుగా గుర్తించి, అక్కడ పరపతి సులభంగా అందనీయడం లేదని సచార్ కమిటీ నివేదిక 2006లోనే నమోదు చేసింది. తండ్రి బేకరీకి, తుక్కు దుకాణానికి తక్కువ వడ్డీ రుణం అడిగితే పత్రాలమీద పత్రాలు కోరి తిప్పుతారు. కొడుకు జీతం చీటీ చూపగానే కార్డు చేతిలో పెడతారు. చివరకు కొడుకు కార్డుతోనే తండ్రి దుకాణానికి సరుకు వస్తుంది. 42 శాతం వడ్డీ పెట్టుబడితో ఏ బేకరీ నిలుస్తుంది? ఇటువంటి స్టేట్‌మెంట్లు పట్టుకొని సలహా కోసం మా వద్దకు వచ్చే కుటుంబాలను చూస్తూనే ఉన్నాము.

న్యాయస్థానాల అండ ఉంటుందనుకునేవారు కూడా వాస్తవం తెలుసుకోవాలి. ఏడాదికి 30 శాతానికి మించిన కార్డు వడ్డీ అక్రమ వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పు చెప్పింది. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. పేదవానికి ఆసరాగా కనిపించిన ఆ గీత చెరిగిపోయింది. వడ్డీకి చట్టబద్ధమైన గరిష్ఠ పరిమితి విధించమని పాలకులను అడగవలసిన బాధ్యత ఇప్పుడు ప్రజలదే. ఆ కోరికను మైనారిటీ హక్కుల సంఘాలు తమ వినతిపత్రాలలో ఎందుకు చేర్చడం లేదని మేము సూటిగా ప్రశ్నిస్తున్నాము.

చేతిలో ఉన్న హక్కులు

పరిమితి లేకపోయినా నియమాలు ఉన్నాయి. 2022 ఏప్రిల్ 21న రిజర్వు బ్యాంకు జారీచేసిన ఆదేశాలు వినియోగదారునికి కొన్ని స్పష్టమైన హక్కులు ఇచ్చాయి. దరఖాస్తుతోపాటు వడ్డీ, రుసుములు తెలిపే ఒక పేజీ ముఖ్యాంశాల పత్రం ఇవ్వాలి. వార్షిక వడ్డీ రేటును, వార్షిక రుసుమును సమాన ప్రాధాన్యంతో చూపాలి. అడగని కార్డు పంపకూడదు. పంపి బిల్లు వేస్తే ఆ మొత్తాన్ని రద్దు చేయడమే కాక దానికి రెండింతలు పరిహారంగా చెల్లించాలి. బాకీ లేని కార్డును మూసివేయమని కోరితే 7 పనిదినాలలో మూసివేయాలి; ఆలస్యమైతే రోజుకు 500 రూపాయల చొప్పున ఇవ్వాలి.

మన సమాజానికి అన్నిటికంటె ముఖ్యమైన నియమం మరొకటి ఉన్నది. దరఖాస్తు తిరస్కరిస్తే నిర్దిష్టమైన కారణాన్ని వ్రాతపూర్వకంగా తెలపాలి. 'మీ ఏరియాకు రాదండీ' అని ఫోనులో తేల్చివేయడం చెల్లదు. ఆ మాటను కాగితంమీద పెట్టమని అడగండి. కాగితంమీదికి రాని వివక్షను ఏ అధికారి ముందూ నిరూపించలేము. కార్యాలయాలలో పనిచేసినవారికి ఈ సత్యం బాగా తెలుసు.

వసూలు ఏజెంట్లు ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 తర్వాత ఫోను చేయరాదు. బాకీదారును, అతని కుటుంబ సభ్యులను అవమానించరాదు. బ్యాంకుకు వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి 30 రోజులు చూచినా పరిష్కారం రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. అందుకు రుసుము లేదు. సమాచారం కోసం 14448కు ఫోను చేయవచ్చు.

మస్జిద్ కమిటీలకు, యువజన సంఘాలకు మేము మూడు పనులు సూచిస్తున్నాము. మన పట్టణంలో ఎక్కువగా అమ్ముతున్న కార్డుల వివరాలను వార్షిక వడ్డీ మొదటి వరుసలో, బహుమతులు ఆఖరి వరుసలో ఉండేలా తెలుగులోను, ఉర్దూలోను పట్టికగా వ్రాయించి నోటీసు బోర్డుమీద ఉంచాలి. రుణానికో, కార్డుకో తిరస్కరణ ఎదురైనవారి లేఖలను సేకరించి భద్రపరచాలి. రేపు మైనారిటీ కమిషన్ ముందుకు వెళ్లవలసివస్తే అవే మన సాక్ష్యాలు. బైతుల్‌మాల్ ఉన్నచోట కార్డు వడ్డీలో చిక్కుకున్న కుటుంబాన్ని ఏడాదికి ఒక్కటైనా వడ్డీలేని అప్పుతో బయటపడవేయాలి. ఇవ్వలేని స్థితిలో ఉన్న బాకీదారుకు గడువు ఇమ్మని నేర్పిన ధర్మం మనది. ఆ గడువు బ్యాంకు ఇవ్వదు. మనము ఇవ్వగలము.